ఏడో అంతస్తు

డండీలో వాన పట్టిన రోజున
ఈ టవర్ బ్లాకు లిఫ్టు
తనంతట తానే ఏడో అంతస్తుకి పోయి
తలుపు తెరిచి నిలబడుతుందట.
పిలిచినవాళ్లు లేరు. ఎక్కేవాళ్లూ లేరు.
ఇది నాలుగో ఫిర్యాదు. ఈసారి నన్ను పంపారు.

పైకప్పు కింద మోటారు గది.
టే నది మీంచి వచ్చే గాలి, పావురాల రెట్ట వాసన.
కార్డు విప్పి మీటరు ముల్లు ఆనించాను.

ఐదు వోల్టుల సంసారం ఇది.
సున్నా పాయింట్ ఎనిమిదికి దిగువన "లేదు",
రెండు దాటితే "ఉంది".
ఇందులో తిరకాసొకటి:
బటన్ నొక్కితే తీగ సున్నాకి పడుతుంది,
"లేదు" అంటేనే ఎవరో పిలిచారని.
ఆ రెంటికీ నడుమ నేల ఎవరిదో
డేటాషీటు చెప్పదు,
అక్కడ చిప్ ఏమంటుందో
చేసినవాడూ పూచీ పడడు.

మీటరు చూపింది: ఒకటి పాయింట్ రెండు.

మా ఇంట్లో దీన్ని "ఊఁ" అంటారు.
పెళ్లికొస్తావా? ఊఁ.
బాకీ ఎప్పుడిస్తావు? ఊఁ.
విన్నట్టే, ఒప్పుకున్నట్టు కాదు.
మా మేనమామ ఆ ఒక్క అక్షరంతో
ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు.
చిప్‌కి ఆ వీలు లేదు.
గోడ మీద పిల్లిని కూడా
ఎటో ఒకవైపు దూకిందనే రాసుకుంటుంది.

తీగని పైకి పట్టి ఉంచే రెసిస్టర్,
బియ్యపు గింజంత, నడుమకి పగిలింది.
పట్టే చేయి లేని తీగ ఊరికే ఉండదు.
గోడలోని చెమ్మ, పక్క తీగల రొద,
దగ్గరికి తెస్తే నా వేలి ఊసు కూడా
ఎక్కించుకుంటుంది.

రెండు పెన్నీల ముక్క. కాస్త సోల్డరు పొగ.
నాలుగు పాయింట్ తొమ్మిది.
ఇక పిలవందే కదలదు.

ఏడులో దిగి చూస్తే
మెట్ల దగ్గర తొమ్మిదేళ్ల ఫిన్లే,
ఒక సాక్సు వేసుకుని, రెండోది చేతిలో.
"దాన్ని బాగుచేశావా?"
చేశానన్నాను.
"అది పాడవలేదు. నేను మనసులో పిలిస్తే వస్తుంది.
వానప్పుడు బాగా వినిపిస్తుంది దానికి.
ఇప్పుడు కూడా వస్తుందిగా?"

పనిముట్ల పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని
"ఊఁ" అన్నాను.

వాడికి తెలుగు రాదు.
అవుననే రాసుకున్నాడు.
తలుపు ముందుకు పోయి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

బయట చినుకులు మొదలయ్యాయి.
నేను మెట్ల మీదుగా దిగాను.