ఆరు డబ్బల తోట

కరీమాబాద్‌ల మా డాబా మీద
ఆరు పెయింటు డబ్బలల్ల టమాట పెట్టిన.
మూడో డబ్బ అంచుకు
ఇంకా నీలం రంగు కారి ఎండి ఉంది.

మొదటి పూత నిలిచిన వారానికి
ఆకులు ముడుచుకున్నయి.
తిరగేసి చూస్తే తెల్లదోమ.
ఊదితే లేస్తది, మళ్ల అక్కడ్నే వాలుతది,
బాకీ వసూలుకు వచ్చినోని తీరు.

వసూలు నాకు ఎరుకే.
ఇరవై రెండేండ్లు స్టేషన్ రోడ్డుల
మందుల దుకాణంల గుమస్తాను.
రుమాల్ల చుట్టి తెచ్చిన పత్తి ఆకు
బల్ల మీద పరిచి "దీనికేమన్న ఇయ్యి సారూ" అంటే
మనిషి మొకం చూడకముందే
నా చెయ్యి అర మీదికి పోతుండె.
ఎర్ర త్రికోణం సీసా, పసుపు త్రికోణం సీసా.
జరానికి మింగేదీ మందే,
సాయంత్రం తాగేదీ మందే,
పురుగుకు కొట్టేదీ మందే.
ఒక్క మాటనే మూడు తీర్ల వాడుకున్నం.
ఏ సీసా ఎందుకో
ఇంట్ల చీకట్ల ఎట్ల తెలుస్తది?

అలవాటు చేతికుంటది.
చెప్పులేసుకొని గల్లి మలుపు దాక పోయిన.
ఇస్త్రీ బండి కాడ మొగిలవ్వ తలెత్తింది.
"ఎటు?"
"చెట్లకు దోమ పట్టింది. మందుకు."
"తినెటోళ్లెవరు?"
అంతే అడిగింది.
పెట్టె మూత తీసి, చల్లారిన బూడిద
కాయితంల పొట్లం కట్టి చేతిల పెట్టింది.
మిగతాది నాకు కాదు,
ముందటున్న అంగీకి చెప్పినట్టు చెప్పింది:

వేపగింజలు దంచు, గుడ్డల మూటగట్టు,
రాత్రంత నీళ్లల్ల నాననియ్యి.
రెండు కుంకుడుకాయల నురుగు కలుపు,
లేకుంటే ఆకును పట్టుకోదు.
పొద్దు గూకినంక చల్లు,
ఎండకు చేదు చచ్చిపోతది.
ఆకు మీద కాదు, ఆకు కింద.
దొంగలు కిందనే ఉంటరు.

దంచిన. అరచేతులు రెండు రోజులు చేదు.
అన్నం ముద్ద చేదు, బీడీ చేదు.
దుకాణంల ఉన్నన్ని రోజులు
నా చేతులకు ఏ వాసనా లేదనే అనుకున్న.
మా ఇంటామె మాత్రం
ఆ చేతులతోని పిల్లను ఎత్తుకోనియ్యకపోయేది.

పసుపు అట్ట కావాలన్నది మొగిలవ్వ,
దోమకు పసుపు మీద ఆశ ఎక్కువట.
ఇల్లంత ఎతికిన.
ట్రంకు పెట్టె అడుగున దొరికింది,
దుకాణం మూసిననాడు శేటు పారేయమన్న
ఉద్దెర బుక్కు.
లోపల నా దస్తూరి:
నెక్కొండ సాంబయ్య, రెండు లీటర్లు.
పర్వతగిరి కొమ్మాలు, మూడు.
కొన్ని పేర్ల మీద ఎర్రసిరా గీత.
బాకీ తీరితే కొట్టిన గీతలు కావు అవి.

అట్ట ఒక్కటే చింపిన.
ఆముదం పూసి కట్టెకు కట్టిన.
తెల్లారేసరికి నిండ దోమ,
చిన్న చిన్న సున్నాలు,
రాత్రి ఎవరో లెక్క రాసి పోయినట్టు.
కాయితాలు మాత్రం
మళ్ల పెట్టెల్నే పెట్టిన.

అన్నీ బతకలే.
అయిదో డబ్బల చెట్టు ఎండిపోయింది,
ఎందుకో మొగిలవ్వకు సుత తెల్వది.
రెండోదాంట్ల కాయకు బొక్క,
పచ్చపురుగు సగం లోపల, సగం బయట.
ఎన్ని వేల సార్లు దాని పేరు చెప్పిననో,
వేళ్లతోని పట్టుకున్నది ఇదే మొదలు.
మెత్తగున్నది. ముడుచుకున్నది.
పిట్టగోడ మీద గోరింక ఒకటి
మెడ పక్కకు వంచి చూస్తుండె.
నేను వేసిన్నో, అదే గుంజుకున్నదో.

తొలి కాపు ఏడు కాయలు.
నాలుగు తీస్కపోయి ఇస్త్రీ బండి మీద పెట్టిన.
మొగిలవ్వ ఒకటి కొంగుకు తుడిచి
అట్లనే కొరికింది.
"కడుక్కో" అనబోయిన,
నోటి దాక వచ్చింది మాట.
రసం ఆమె మోచేతి దాక కారింది.
"ఇంత ఉప్పుంటే బాగుండు" అన్నది.
ఉప్పుకు ఇంటికి ఉరికిన.