ఎముక ఆఖర్న

కందెనకు జీను అలవాటై నెలా ఇరవై రోజులు.
నల్లటిది, అందుకే ఆ పేరు.
జట్కా అమ్మేసినా ఇరుసు వాసన మా ఇంట్లోంచి పోలేదు.

తెల్లారకముందే పెన్న ఇసకలో నడక.
పరుగు కాదు, నడక.
నాపరాళ్ళ మిషన్ల కూతకు మొదటి వారం బెదిరింది.
ఇప్పుడు ఒక చెవి తిప్పి ఊరుకుంటుంది.

టీ అంగడి హుసేనప్ప "యాడికి?" అంటాడు.
"యాడికికే" అంటాను.
ఆ ఊరి పేరు మీద రోజూ ఇదే నవ్వు,
ఇద్దరికీ ఇంకా పాతబడలేదు.

మిట్ట ఎక్కినాక దిగి
దవడ కింద రెండు వేళ్ళు ఆనిస్తాను.
డెబ్బై రెండు. నిలబడు.
అరవై నాలుగు. నిలబడు తల్లీ.
యాభై ఎనిమిది.
సరే, పోదాం పా.

"ఊపిరి బాగుంది కదా పెద్నాయనా,
ఒకసారి వదులు" అంటాడు నబీరసూల్.
కార్తీకంలో నలభై కిలోమీటర్ల పందెం, వానికి నిద్ర లేదు.
ఊపిరి ముందొస్తుందిరా,
వచ్చి అంతా అయిపోయిందని చెప్తుంది.
కండ దాని ఎనక. నరం ఇంకా ఎనక.
ఎముక ఆఖర్న వస్తుంది,
వచ్చినట్టు చెప్పదు.

మా నాయన ఇవేవీ లెక్కెయ్యలేదు.
స్టేషన్ నుంచి బజారుకు ఆరుగురు, ఎండాకాలం.
రాణి ముంగాలు విరిగిన తావున
ఇప్పుడొక స్పీడ్ బ్రేకర్ ఉంది.
అక్కడికి రాగానే దిగి
కళ్ళెం పట్టుకొని నడుస్తాను.
ఎందుకని నబీరసూల్ అడగడు,
కందెనా అడగదు.

రాత్రి ఉలవలు ఉడికేలోపు
నాలుగు కాళ్ళూ అరచేత్తో తడుముతాను.
ఎడమ ముంగాలు కొంచెం వెచ్చగా ఉంది.
రేపు నడక లేదు.
హుసేనప్పకు ఏమని చెప్పాలో.