నాలుగు మైక్రాన్లు

డబ్బాలో ఫార్మలిన్, ఫార్మలిన్‌లో రెండు ముక్కలు.
చీటీ మీద రుయా మార్చురీ వాళ్ళ వంకర రాత:
చెంగల్రాయుడు, నలభై ఒకటి, చిత్తూరు దగ్గర ఏదో పల్లె.
వృత్తి గడిలో 'కూలి'.
అలవాట్ల గడిలో ఎవరినీ అడక్కుండానే 'బీడీ'.

కోసేటప్పుడే అనుమానం వచ్చింది నాకు.
ఊపిరితిత్తి తడి స్పాంజిలా లొంగాలి కత్తికి.
ఇది కరకరమంది,
అన్నంలో మట్టిబెడ్డ పంటి కింద పడ్డట్టు.

మైనపు దిమ్మెలో పెట్టి మైక్రోటోమ్ తిప్పితే
రిబ్బను నిలువునా చీలింది.
బ్లేడు మార్చాను. మళ్ళీ చీలింది. మళ్ళీ మార్చాను.
పదహారేళ్ళ సర్వీసులో
మూడు బ్లేడ్లు తిన్న మనిషి ఇతనే.

నాలుగో బ్లేడుకు దిగింది,
నాలుగు మైక్రాన్ల పొర,
గోరువెచ్చని నీళ్ళ మీద ముడత లేకుండా పరుచుకుంది.
ఊదా, గులాబీ. అద్దం మీద అద్దం.

సుహాసిని మేడమ్ చాలాసేపు చూసి
పక్కకు జరిగి, "రా దామోదరం" అంది.
గాలి ఆడాల్సిన గదుల్లో
ఉల్లిగడ్డను అడ్డంగా తరిగినట్టు చుట్లు చుట్లు.
నడుమ ఒక్క కణమూ బతికి లేదు.
అంచుల్లో, దుమ్ము మింగి చచ్చినవి, నల్లగా.
ఆవిడ పోలరైజర్ తిప్పింది.
ఊదా పోయింది, గులాబీ పోయింది,
ఆ చీకట్లో మసగ్గా, అక్కడొకటి ఇక్కడొకటి
మినుకుమన్నాయి.

లెన్స్ నుంచి తల ఎత్తితే
మోచేతి కింద బల్ల చల్లగా తగిలింది.
నల్ల గ్రానైటు. మొహం కనపడేంత నున్నన.

కాయితం కోసం మూడో తూరి వచ్చింది పొన్నెమ్మ.
వరండాలో గోడకానుకుని,
"బీడీ ముట్టింది లేదు సామీ. రాయి కోసేది మిషన్లో.
నీళ్ళు పోసి కోస్తామంటే నీళ్ళు యాడుండాయనిరి.
సందేళ ఇంటికొస్తే రెప్పలు గూడా తెల్లంగా,
ముసలోడొచ్చినాడని మా పాప నవ్వేది.
టీబీ అని రెండు తూర్లు మాత్రలు మింగించినారు."

కాసేపాగి,
"రాయి" అంది.

రోగం పేరు చెప్పిందో
నాకు పని చెప్పిందో తెలియక
పెన్ను పట్టుకుని నిలబడ్డాను.

మేడమ్ రాసింది. సంతకం పెట్టింది.
వృత్తి గడి దిద్దే అధికారం మాకు లేదు.
డ్రాయరులో నొక్కులు పడ్డ మూడు బ్లేడ్లు
కాగితంలో చుట్టి ఉన్నాయి, పారెయ్యలేదు.
రిపోర్టుకు జత చెయ్యొచ్చా అని
ఎవరినీ అడగలేదు కూడా.