మూడో ప్రశ్న

సాయంత్రం బడి.
కట్టెల పొయ్యి చుట్టూ తడి ఉన్ని వాసన.
చిలోయే దీవిలో వాన ఆగిందంటే
ఊపిరి పీల్చుకుంటోందని అర్థం, అంతే.

పదకొండు మంది.
సాల్మన్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు,
సముద్రపు నాచు ఏరేవాళ్ళు,
పడవలు చేసే వడ్రంగి ఒనోఫ్రే.
అందరికీ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు కావాలి.
డెబ్బై దాటిన ఎదువీహిస్ నావెల్కిన్‌కి మాత్రం
ఏం కావాలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు కవిత. పన్నెండు పంక్తులు.
నల్లబల్ల మీద ప్రశ్నలు రాశాను.
ఒకటి, కవి ప్రకృతిని దేనితో పోల్చాడు?
రెండు, మనిషి అల్పత్వాన్ని తెలిపే పదాలు ఏవి?
మూడు, "సముద్రం కన్నెర్ర చేసింది"
ఇందులోని అలంకారాన్ని వివరించుము.

ముందు నేనే వివరించాను,
ప్రాణం లేనిదానికి ప్రాణం పోయడం,
మన కోపాన్ని నీళ్ళకి అంటగట్టడం.
సుద్దముక్క విరిగింది.
ఎదువీహిస్ చెయ్యెత్తింది,
రోడ్డు మీద బస్సు ఆపుతున్నట్టు.

"సముద్రానికి కన్నెక్కడిది టీచర్?
కన్నే ఉంటే మా ఇల్లు కనబడేది కదా.
తలుపుకి నీలం రంగేసి నాలుగు రోజులే అయింది.
చూసుంటే
పక్కనుంచి పోయేదేమో."

ఎవరూ నవ్వలేదు.

ముందది రాలేదట, పోయిందట.
భూమి ఊగడం ఆగాక
కింద పరిచిన చాపని ఎవరో లాగేసినట్టు
వెనక్కి, ఇంకా వెనక్కి.
ఎన్నడూ చూడని నేల బయటపడి
దాని నిండా గుల్లలూ, ఎగిరెగిరి పడే చేపలూ.

"మా అమ్మ బుట్ట తీసుకుంది.
ఆకలున్న ఇల్లు టీచర్.
అన్ని చేపలు ఊరికే దొరుకుతుంటే
కొండెక్కేదెవరు?
నన్ను మా మేనత్త ఇంటికి పంపింది, పైకి,
ఇంకో బుట్ట తెమ్మని."

అక్కడితో ఆపేసింది.
రెండో బుట్ట సంగతి ఎవరూ అడగలేదు.

కవిత మళ్ళీ చదువుకున్నాను, పెదవి కదలకుండా.
గర్జన ఉంది. నురగల జూలు ఉంది.
పిడికిలి, కత్తి, ప్రళయం,
పన్నెండు పంక్తుల్లో ఎక్కడా బుట్ట లేదు.
నీళ్ళు వెళ్ళిపోయిన ఆ కాసేపటి నిశ్శబ్దానికి
ఒక్క పంక్తయినా
ఖాళీగా వదల్లేదు ఆ కవి.

డిసెంబరులో పరీక్ష.
ఆమె పేపరు మీద మూడో జవాబు,
వంకర అక్షరాలు, పెన్సిలు చెరిపిన మరకలు:

"ఇది అలంకారం కాదు, ఓదార్పు.
మన మీద దేనికో కోపం వచ్చిందనుకుంటే
మనం ఉన్నామని దానికి తెలిసినట్టు.
దానికి తెలీదు."

నా దగ్గరున్న జవాబుల కాగితంలో
ఒకే మాట ఉంది, రెండు మార్కులకి.
ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.

బయట ఆటు వేళ.
రేవులో పడవలు బురద మీద పక్కకి ఒరిగి ఉన్నాయి.
రోజుకి రెండుసార్లు ఒరిగేవే.
అయినా లేచి
కిటికీ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచి చూశాను
నీళ్ళు ఎంత దూరం వెళ్ళాయోనని.