బెండకాయ ముద్ర

మెహదీపట్నం రైతుబజారులో
బాలనర్సమ్మ బెండకాయల కుప్ప ముందు
గొంతుక్కూర్చుని కొనలు విరుస్తుంటాను.
ఫట్‌మంటే లేత. వంగి మొండికేస్తే ముదురు.
"కొనలన్నీ నువ్వే ఇర్శినంక
మిగిలినయి నేనెవలికి అమ్మాలె టీచరమ్మా?" అంటుంది.
తూకం మాత్రం మొగ్గుగానే వేస్తుంది.

సంచీ ఒళ్ళో పెట్టుకుని
ఐదు కే బస్సులో మాసాబ్ ట్యాంకు దాకా వస్తాను.
వేరే బస్సులొస్తాయి, ఎక్కను.
లెక్కల పంతులమ్మకి
ఆ మాత్రం మూఢనమ్మకం ఉండొద్దా?

బెండకాయ తింటే లెక్కలొస్తాయని మా అమ్మ
వారానికి నాలుగు రోజులు తినిపించింది.
ముప్పై ఒక్కేళ్ళు బడిలో చెప్పాక చెబుతున్నాను,
రుజువు దొరకలేదు.
లొట్టలేసుకు తినే సున్నాలనీ చూశాను,
వాసనకే ముఖం తిప్పే నూటికి నూర్లనీ చూశాను.
అయినా ఆ అబద్ధాన్ని కొట్టేయలేను.
దాని లోపల ఒక అంకె ఉంది మరి.

పై వాటా పిల్ల జుబేదా
ఎక్కాల పుస్తకం చంకన పెట్టుకుని
ఏడుపు ముఖంతో దిగింది నిన్న సాయంత్రం.
పుస్తకం మూసి, కత్తిపీట ముందుకు లాగి
ఒక కాయని అడ్డంగా కోశాను.
జిగురు దారం సాగి సాగి తెగింది.
కోసిన ముఖాన్ని బడి నాటి స్టాంపు ప్యాడ్‌లో అద్ది
కరెంటు బిల్లు వెనక ఒత్తాను.
ఊదా పువ్వు.
"లెక్కపెట్టు."
వేలు పెట్టి చుట్టూ తిరిగింది.
ఏక్, దో, తీన్, చార్... పాంచ్.
ఐదు గదులు. అద్దె లేని గింజల కాపురాలు.

ఇక నా నోరు ఆగితేనా!
ఐదుని ఐదుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా
చివర తనే వచ్చి కూర్చుంటుంది చూడు,
ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు, ఆరువందల ఇరవై ఐదు,
ఎంత పెద్దింట్లోకి వెళ్ళినా
ఇంటిపేరు మార్చుకోని మనిషిలా.
రెండడుగులు వెనక్కేస్తే మూడు, ముందుకేస్తే ఏడు,
అటూ ఇటూ ప్రధాన సంఖ్యలే.
ఇలా రెండు పక్కలా చుట్టాలున్న ప్రధాన సంఖ్య
ఇంకోటి లేదే పిల్లా!
'పంచ' అంటే ఐదు,
చివరి అక్షరానికి కొమ్మిస్తే 'పంచు'.
"మాకు రోజుకి నమాజులూ ఐదే" అంది జుబేదా,
నా ఖాతాలో తనూ ఒకటి జమచేస్తూ.

ఒకటి మాత్రం దానికి చెప్పలేదు.
మా ఆయన పోయిన పదో రోజున
"ఐదోతనం పోయిందమ్మా" అంటూ
ఎవరో నా నుదురు తుడిచారు.
ఏడుస్తూనే అనుకున్నాను,
ఐదు ఎక్కడికి పోతుంది?
వేళ్ళు అలాగే ఉన్నాయి.
కొన్నాళ్ళకి వాటితోనే
ఆయనకెప్పుడూ గిట్టని బెండకాయ పులుసు
గిన్నెడు పెట్టుకుని
ఒక్కదాన్నే తిన్నాను.

"టీచర్! ఇది ఆరు!"
నిజమే. లావుపాటి కాయ, ఆరు గదులు.
నా ఉపన్యాసమంతా
వంటింటి గట్టు మీద కూలిపోయింది.
నా తప్పు పట్టి ఎవరూ నాకింత సంతోషం ఇవ్వలేదు.
దాన్ని కూడా ఒత్తమన్నాను.
ఒత్తింది. పక్కన తేదీ వేసింది,
సంతకం కూడా పెట్టింది, ఆఫీసరమ్మ.

సిరా అంటిన ముక్కలు తీసేసి
మిగతావన్నీ బాణలిలో వేశాను.
మూత పెట్టలేదు, పెడితే జిగురు.
ఉప్పు చివర్న, పల్లీల పొడి ఇంకా చివర్న.
పీచుంది, షుగరుకి మంచిదన్నాడు డాక్టరు.
ఆయన అనకపోయినా తినేదాన్నే.
ఐదు వేళ్ళూ నోట్లోకి పోవాలి కదా అంటారు,
పోయాయి, ఇద్దరివీ.
ఆరు గదుల చక్రాలు ఎవరి కంచంలో పడ్డాయో
చూసుకోలేదు.

వెళ్తూ వెళ్తూ జుబేదా
కరెంటు బిల్లుని ఎక్కాల పుస్తకంలో దాచుకుంది.
ఈ నెల కట్టాల్సింది ఎంతో
ఇప్పుడు నాకు తెలీదు.
చివరి అంకె మాత్రం
బాగా గుర్తుంది.