ఎడమ మోకాలు

సింతలవలస రోడ్డులో, మూసేసిన సైకిల్ షాపు షట్టర్ ముందర
నా ఇస్త్రీ బండి.
బెటాలియన్ కుర్రోల్ల ఖాకీలు తెల్లారీసరికి వొచ్చీతాయి,
నిద్ర వాసన ఇంకా వొదల్నేదు వాటికి.
పెట్టెలో బొగ్గులు ఊదుతుంటే
ఒక్కోపాలి ఇక్కడిది కాని బూడిద
కల్లల్లో పడతాది.

మా అయ్యకి చంపావతి రేవులో ఓ బండ ఉండీది.
నల్లజీడి గింజలో సూది ముంచి
అంచు మడతలో సుక్క పెట్టీవోడు.
రెండు సుక్కలూ ఓ గీతా అంటే కరణంగారిల్లు.
మూడు సుక్కలు మేడింటోరు.
సదువు రాదు.
ఊరూరంతా ఆడి యేలికొస మీదుండీది,
ఒక్క సొక్కా తప్పింట్లోకి పోనేదు.

నాకు సుక్కల్లేవు. అంకెలు.
"కువైట్, ఆస్పత్రి లాండ్రీ" అన్నాడు విశాపట్నం ఏజెంటు,
లచ్చా ఇరవై తడి యేలితో లెక్కెట్టుకున్నాడు.
మూడో రాత్రి కిటికీల్లేని ఇమానం ఎక్కించినారు.
దిగిన సోటు పేరు
రెణ్ణెల్ల దాకా ఎవులూ సెప్పనేదు.
ఇసక. సిమెంటు గోడ. గోడ మీద ముల్లతీగ.
పద్దెనిమిది మిషన్లు, పన్నెండు గంటలు.
సంచికో నెంబరు, నెంబరుకో సిపాయి.

ముందు జేబులు సూడాల.
బబుల్ గమ్ము, పెన్ను మూత, ఇసక, మల్లీ ఇసక.
ఓపాలి కాయితంలో సుట్టిన పాలపన్ను.
ఏ బిడ్డదో!
సిన్న కవర్లో పెట్టి సంచికి పిన్ను కొట్టినాను.
అడగకూడదు. అది రూలు.

సైరన్ కూస్తే బోర్లా పడాల,
తర్వాత పరిగెట్టాల.
నేపాలీ గురుంగు, కెన్యా మ్వాంగి, నానూ
సిమెంటు గూట్లో గెడ్డాలు మోకాల్లకి ఆన్చుకుని.
మిషన్లు పరిగెట్టవు కదా.
మేం ఎనక్కొచ్చీసరికి
ఆటి పని అవి సేసీసుండీవి.

ఫోన్లో అసిరమ్మ: "ఏటా సప్పుడు?"
"ఉరుము."
"ఎడారిలో ఉరుమేటి? వానొచ్చిందా?"
"రానేదు."
"మరైతే గుడ్డలు లోపలెట్టుకో,
వొచ్చీగలదు."

నాలుగువేల నాలుగొందల పదిహేడు.
ఆడి మొకం నానెరగను.
మెడ పట్టీ కాడ సెమట తెలుసు,
ఎడమ మోకాలు కాడ గుడ్డ అరిగిపోడం తెలుసు.
కుడిది కాదు, ఎప్పుడూ ఎడమదే.
ఏ పని సేసీవోడు ఎడమ మోకాలు నేలకానిస్తాడో
నన్నడగకండి.
గుండె మీద పట్టీలో ఏడక్షరాలు.
కూడబలుక్కుంటే ఇంగిలీసు వొస్తాది నాకు.
సదవనేదు.
నడుం పట్టీ లోపల మాత్రం, ఎవులూ సూడకుండా,
నల్ల పెన్నుతో రెండు సుక్కలూ ఓ గీతా.

ఆ సంచి కోసం ఎవులూ రానేదు.
ముప్పై రోజులు అలమర్లో ఉంచాల,
తర్వాత పొగగుంట.
"ఇంటికెల్లిపోయుంటాడు" అన్నాడు గురుంగు.
"ఔను" అన్నాను.
ఇరవై తొమ్మిదో రోజు రాత్రి
ఉతికిన గుడ్డలే మల్లీ ఉతికినాను.
మడతెట్టినాను.
పొద్దున్న నానే మోసుకెల్లినాను.
సబ్బు వాసనేస్తా కాలింది
కాసేపు.

నాలుగేల్లు. రెండు గదుల స్లాబు ఏసినాం.
కస్టమ్సోడికి సూపించకుండా
దగ్గొకటి తెచ్చుకున్నాను.

ఇయ్యాల పొద్దున్న జామి కుర్రోడి పేంటు
బల్ల మీద పరిసి నీల్లు జల్లితే
ఎడమ మోకాలు కాడ నూలు
ఎల్తురు కనిపించీంత పల్చన.
ఇస్త్రీ పెట్టె పక్కనెట్టినాను.
సొక్కా తిరగేసి, పేరు పట్టీ మీద యేలెట్టి
ఒక్కో అచ్చరం పైకే సదివినాను.
"ఏటి తాతా, పిలిచినావా?"
"నేదు నాయినా.
సాయంత్రం నువ్వే రా, ఇయి పట్టుకెల్లడానికి.
ఇంకెవుల్నీ అంపకు."