తెలియని ఉప్పు

కాగితంలో మడిచిన చిటికెడు ఉప్పు
నూకరత్నం చేతిలో పెట్టాను.
అదేమిటో రెండు గంటల్లో తేల్చాలి.
నేను చెప్పకూడదు, ల్యాబ్ అటెండర్ని.

ఇరవై రెండేళ్లుగా ఈ గాజు గొట్టాలు కడుగుతున్నాను.
పుస్తకం చదవలేదు,
అడుగున మిగిలింది చదివాను.
నీలం మరక వదలకపోతే రాగి.
కుళ్లిన గుడ్డు కంపు కొడితే గంధకం.
దాన్నే విశ్లేషణ అంటారని మాస్టారు చెప్పేనాటికి
నా ముక్కుకి ఆ పాఠం పాతదే.

కిటికీ అవతల హార్బరు.
గాలి తిరిగితే
ఆరేసిన చీర మీద ఖనిజం దుమ్ము.
ఊరే పెద్ద ల్యాబంటారు మాస్టారు.
కొలిమిలో కరిగే ఇనుము అకర్బనం,
రిఫైనరీ గొట్టం మీద ఆరని మంట కర్బనం,
పరవాడలో పోసే జ్వరం మాత్ర కూడా
ఆ మంటకి చుట్టమేనట.
ఉప్పుగాలి మా గేటుని ఎంత వేగంగా తింటుందో
లెక్కగట్టేది భౌతిక రసాయనం.
ఆ లెక్క నాకు రాదు.
గేటు మాత్రం మూడోసారి మార్చాం.

మొన్న నూకరత్నం అడిగింది:
"మా యమ్మ చేపకి ఎంత ఉప్పు పట్టాలో
పిడికిలితో సెప్పేస్తది.
దానికి ఇన్ని గొట్టాలెందుకు పిన్నీ?"
జవాబు దొరకలేదు.
రాత్రి పడుకున్నాక దొరికింది:
ఏ వాసనకి కిటికీ తెరవాలో
ఏ వాసనకి పిల్లల్నెత్తుకుని పరిగెత్తాలో
ఈ ఊళ్లో ఎవరో ఒకరికి
ముందే తెలిసుండాలి కదా.

ఇప్పుడామె కాగితం విప్పింది.
పలుకుల్ని వేళ్ల మధ్య నలిపి
నా వైపు చూసింది.
నేను సింకు వైపు తిరిగాను.
నిజం చెప్పొద్దూ, స్టోరులో సీసా ఖాళీ.
మామిడికాయ ముక్కలోకని తెచ్చుకున్న ఉప్పే మడిచిచ్చాను.

నాలిక మీద వేస్తే అర నిమిషం పని.
వెయ్యలేదు పిల్ల.
తీగ మీద అంటించి మంటలో పెట్టింది,
బీచ్ రోడ్డు పాత దీపాల పసుపు.
సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేసింది,
పాలు విరిగినట్టు తెలుపు.
అప్పుడు, అన్నీ అయ్యాక,
పెన్ను తీసి
తనకి పుట్టినప్పట్నుంచీ తెలిసిన పేరు
మొదటిసారి రాసింది.

చుక్క ఒలికింది చూపుడువేలి మీద.
రేపటికి నల్లబడుతుంది.
వాళ్లమ్మ బూడిదేసి తోమినా పోదు,
వారం ఉంటుంది.